దొంగలున్నారు జాగ్రత్త అన్నవాడు

మూడేళ్ళ క్రితం జ్యేష్ఠమాసంలో అమ్మని తీసుకుని గయ వెళ్ళాను. నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. గయకి వెళ్ళేవాళ్ళు మామూలుగా మహాలయ పక్షంలో వెళ్తారు. నాకు అప్పుడు సెలవు దొరకలేదు. "ఆ రద్దీలో ఎందుకు బావా? అన్‌సీజన్‌లో వెళ్ళు. రూములు సగం ధరకి దొరుకుతాయి, పని గంటలో అయిపోతుంది, మోసాలు కూడా ఉండవు" అన్నాడు మా బావమరిది. మొదటి రెండూ నిజమయ్యాయి.

మూడోది ఎందుకు నిజం కాలేదో స్టేషన్ బయట అడుగు పెట్టగానే తెలిసింది. మహాలయంలో వేలమంది దిగుతారు. వాళ్ళ కోసం ఎదురు చూసే ఆటోవాళ్ళు, గదుల దళారులు, పూజలు చేయిస్తామనేవాళ్ళు ఆ వేలమందినీ పంచుకుంటారు. ఒకడు కాదంటే ఇంకొకడు, కాబట్టి ఎవరి వెంటా ఎక్కువసేపు పడరు. జ్యేష్ఠంలో ఆ రైలు దిగిన యాత్రికులం అమ్మా నేనూ, ఇంకో నాలుగు కుటుంబాలు. ఎదురుచూసేవాళ్ళ సంఖ్య మాత్రం పెద్దగా తగ్గలేదు. వాళ్ళకీ ఇల్లు గడవాలి కదా. మా ఇద్దరి చుట్టూ పదిమంది మూగారు.

అందులోంచి ఒక ఆటో అతను మమ్మల్ని బయటికి లాక్కొచ్చాడు. తెలుగు వచ్చు. "అమ్మా, ఇక్కడ పండాలందరూ దొంగలు. ఎవరు పిలిచినా పలకొద్దు. ఇంటిపేరు అడుగుతారు, చెప్పొద్దు. నాకు తెలిసిన మంచాయన ఉన్నాడు" అన్నాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. నిజం చెప్పాలంటే నేనూ పీల్చుకున్నాను.

ఆ మంచాయన మొదట 1,500 రూపాయలన్నాడు. ఫల్గు నది ఇసుక కాళ్ళు కాలుస్తుంటే పిండాలు పెట్టాం. సగం అయ్యాక గోదానం అన్నాడు, తర్వాత శయ్యాదానం అన్నాడు. చివర్న, ఇది ఇవ్వకపోతే చేసినదంతా పెద్దాయనకి అందదు అన్నాడు. అన్నీ కలిపి 18,000. నేను బేరమాడబోతుంటే అమ్మ మాట్లాడకుండా చేతిసంచీలోంచి ఒక కవరు తీసింది. అది కాశీలో నాన్న పేరున అన్నదానానికని ఏడాదిగా పింఛన్లోంచి దాచిన డబ్బు.

బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఎర్రగుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకాల దొంతర. "ఏ ఊరు? ఏ జిల్లా? ఇంటిపేరు?" అని అడిగాడు. ఆటో అతను చెప్పిన మాటలే! నాకు ఒళ్ళు మండిపోయింది. నలుగురూ తిరిగి చూసేలా అరిచాను. "డబ్బు వద్దు బాబూ, పేరు ఉందేమో చూస్తాను, అంతే" అని ఆయన హిందీలో అంటున్నాడు. అమ్మ ఆగింది. నేను చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

నేను బ్యాంకులో పని చేస్తాను. మోసగాళ్ళ ఫోన్లు ఎలా వస్తాయో ఖాతాదారులకి చెప్పడం నా ఉద్యోగంలో భాగం. 'మీ ఖాతాలో ఎవరో మోసం చేస్తున్నారు, మిమ్మల్ని కాపాడటానికే ఫోన్ చేస్తున్నాం' అని మొదలుపెడతారని వందసార్లు చెప్పి ఉంటాను. అదే మాట గయ స్టేషన్ ముందు తెలుగులో వింటే గుర్తుపట్టలేకపోయాను. ఆ ఉక్రోషంతోనే ఇంటికొచ్చాక పాత యాత్రల గురించి దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను.

*

దారిలో దొంగలున్నారు జాగ్రత్త అని చెప్పి మనిషిని పట్టే విద్యకి మన ప్రాంతంలోనే పాత రికార్డు ఒకటి ఉంది. 1816లో మద్రాసులో రిచర్డ్ షెర్వుడ్ అనే డాక్టరు ఫాన్సీగర్ల మీద ఒక వ్యాసం రాశాడు. 1820లో అది 'ఏషియాటిక్ రిసర్చెస్'లో అచ్చయి అందరికీ తెలిసింది. ఫాన్సీగర్లంటే దారిన పోయేవాళ్ళతో స్నేహం చేసి, అదును చూసి మెడకి ఉరి బిగించి దోచుకునేవాళ్ళు. ఉత్తరాదిలో థగ్గులన్నది వీళ్ళలాంటివాళ్ళనే. ఒక్కో భాషలో వాళ్ళనేమంటారో షెర్వుడ్ రాసుకున్నాడు. తెలుగు పేరు ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో వంకర్లు పోయింది గానీ, సరిచేసి చదివితే 'ఉరులు వేసేవాండ్లు' అని తేలుతుంది. అంతకు కొన్నేళ్ళ ముందే చిత్తూరు మేజిస్ట్రేటు రైట్ అలాంటి ముఠాలని పట్టుకుని విచారించాడు. చిత్తూరంటే తిరుపతి దారి. అంటే ఆ పేరు పుట్టింది మన యాత్రికులు నడిచే రోడ్ల మీదే.

ఉత్తరాన ఆ పని చేసిన విలియం స్లీమన్ 1836లో వాళ్ళ రహస్యభాషకి ఒక నిఘంటువే వేశాడు. అందులో 'సోఠా' అనే మాట ఉంది. ముఠాలో బాటసారులని మాటలతో ఆకట్టుకునేవాడు సోఠా. అతను కత్తి పట్టడు, ఉరి బిగించడు. సత్రం దగ్గరో చెరువుగట్టు మీదో పలకరిస్తాడు. ముందు దారి మంచిది కాదు, కలిసి వెళ్దాం, నలుగురుంటే భయం ఉండదు అంటాడు. భయమూ అతనే ఇస్తాడు, దానికి మందూ అతనే ఇస్తాడు. మిగిలిన పని వేరేవాళ్ళది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. థగ్గుల గురించి కంపెనీ అధికారులు రాసినదంతా యథాతథంగా నమ్మడానికి లేదు. అప్రూవర్లుగా మారిన ఖైదీలు ప్రాణభయంతో చెప్పిన వాంగ్మూలాలు అవి. దేశమంతా అల్లుకున్న కాళీభక్తుల రహస్య మతంగా వాళ్ళని చూపించడంలో కంపెనీ అవసరం కూడా ఉందని ఈమధ్య చరిత్రకారులు వాదిస్తున్నారు. ఆ అతిశయోక్తిని తీసేస్తే మిగిలేవాళ్ళు చాలామంది పల్లెల్లో ఉండే మామూలు మనుషులు. వానలు వెలిశాక దసరా దాటి ఇల్లు కదిలి, ఎండలు ముదిరేలోపు తిరిగొచ్చేవాళ్ళు. ఎందుకంటే బాటసారులు కదిలేదీ అప్పుడే. యాత్రకి ఒక సీజన్ ఉన్నట్టే దోపిడీకీ ఒక సీజన్ ఉండేది. రెండూ ఒకటే.

ఆ రోజుల్లో అన్‌సీజన్ అంటే గదులు చవక అని కాదు, దారి లేదని. నదులు పొంగుతాయి, బండి చక్రం బురదలో దిగిపోతుంది. సన్యాసులు కూడా చాతుర్మాస్యమని ఒకచోటే ఉండిపోతారు.

సరిగ్గా అలాంటి కాలంలో బయల్దేరాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు ఆయన. 1830 మే 18న మద్రాసు వదిలి, వానాకాలమంతా దారిలోనే గడిపి, కడప, కర్నూలు సీమలూ హైదరాబాదూ నాగపూరూ జబల్పూరూ మీదుగా ప్రయాగ, కాశీ, గయ చూసుకుని, కలకత్తా వెళ్ళి, తూర్పు తీరం వెంట దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన దాటిన ఆ జబల్పూరు ప్రాంతమే స్లీమన్ థగ్గుల వేట సాగించిన చోటు. స్లీమన్ కలకత్తా పత్రికలో పేరు లేకుండా థగ్గుల మీద ఉత్తరం అచ్చు వేయించి కలకలం రేపింది కూడా ఆ 1830 అక్టోబరులోనే. మన వీరాస్వామయ్యకి మాత్రం ఏమీ కాలేదు.

వెంట దాదాపు వందమంది పరివారం ఉండటం ఒక కారణం. అంతమందిని చూశాక ఏ సోఠా వచ్చి కలిసి వెళ్దామంటాడు? ఆ వసతి అందరికీ ఉండదు. కానీ ఆయన చేసిన ఇంకో పని ఎవరైనా చెయ్యొచ్చు. ఆయన రాసుకున్నాడు. ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, నీళ్ళు ఎలా ఉంటాయి, ఏ ఊళ్ళో ఏ నాణెం చెల్లుతుంది, మార్చుకుంటే వట్టం ఎంత పోతుంది, ఏ క్షేత్రంలో ఎవరికి ఏం ఇవ్వాలి, ఇవన్నీ. రాసినది ఎప్పటికప్పుడు మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకి పంపేవాడు. వీరాస్వామయ్య 1836లో పోయాక, ఆ పిళ్ళగారే 1838లో దాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటని దాన్ని సాహిత్యంగా చదువుకుంటాం. గయ నుంచి వచ్చాక నేను దాన్ని ఇంకోలా చదివాను. దాన్నిండా ఉన్నది తర్వాత వెళ్ళేవాడికి ధరలు ముందే తెలియాలన్న ఆత్రం. మోసం జరిగేది మనిషి మంచివాడా చెడ్డవాడా తేల్చుకోలేకపోవడం వల్ల కాదు, ఒక వస్తువుకి ఎంతివ్వాలో తెలియకపోవడం వల్ల.

*

ధర తెలియనివ్వకపోవడం దళారులకి మాత్రమే చేతనైన పని కాదు. ధర రాసిపెట్టి మరీ వసూలు చేసిన దొరలూ ఉన్నారు. ఒరిస్సా చేతికొచ్చిన మూడేళ్ళకి, 1806లో, కంపెనీ పూరీలో యాత్రికుల మీద పన్ను మొదలుపెట్టింది. 1809 నాటి నిబంధనల్లో యాత్రికులని తరగతులుగా విడగొట్టారు. పై తరగతి 'లాల్' యాత్రికుడు ఉత్తరం నుంచి వస్తే 10 రూపాయలు, దక్షిణం నుంచి వస్తే 6. ఆ కింద 'నీమ్ లాల్', ఇంకా కింద మిగిలినవాళ్ళు. గంజాం వైపు నుంచి వెళ్ళే తెలుగువాళ్ళకి అలా ఓ నాలుగు రూపాయలు కలిసొచ్చింది. ప్రయాగలో, గయలో కూడా పన్నులుండేవి. విగ్రహారాధన మీద క్రైస్తవ ప్రభుత్వం సంపాదించడమేమిటని ఇంగ్లండులో మిషనరీలు గొడవ చేసి చేసి, చివరికి 1840లో పదో చట్టంతో ఈ మూడుచోట్లా పన్ను తీసేశారు.

పన్ను పోయినా వసూళ్ళు పోలేదు. 1872లో ఒరిస్సా మీద పుస్తకం రాసిన డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్, పూరీ పండాల ఏజెంట్లు దేశంలో పల్లెపల్లెకీ తిరిగి జనాన్ని యాత్రకి ఎలా బయల్దేరదీసేవాళ్ళో వర్ణించాడు. మగవాళ్ళు పొలాల్లో ఉన్న వేళ చూసి ఆడవాళ్ళతో మాట్లాడేవాళ్ళట. తీరా పూరీ చేరాక చేతిలో డబ్బులు అయిపోతే యాత్రికుడి చేత నోటు రాయించుకునేవాళ్ళు. ఆ బాకీ తర్వాత ఇంటికొచ్చి వసూలు చేసుకుంటారు. రథయాత్రకి జనం ఇరుకు గదుల్లో కిక్కిరిసి కలరాతో చచ్చిపోతుంటే, గదికి ఇంతమందే ఉండాలని 1871లో పూరీ బసలకి ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సొచ్చింది. సీజన్‌లో పోయేది డబ్బు మాత్రమే కాదన్నమాట.

తర్వాత రైలొచ్చింది. 1862 కల్లా కలకత్తా నుంచి మొగల్‌సరాయి దాకా పట్టాలు పడ్డాయి. 1887లో కాశీ దగ్గర గంగ మీద వంతెన కట్టారు. దానితో ఏ నెలలోనైనా వెళ్ళగలగడం వీలైంది. దారి ఏడాది పొడుగునా తెరిచే ఉంది, జనం మాత్రం పండగలకే వస్తారు. ఇప్పుడు మనం వాడే అర్థంలో అన్‌సీజన్ అప్పటినుంచే ఉందని నాకనిపిస్తుంది. ఏజెంటు పల్లెలు తిరగడం మానేసి స్టేషన్ గుమ్మంలో నిలబడ్డాడు. వీరాస్వామయ్యకి కాశీ చేరడానికి నెలలు పట్టాయి, ఆ నెలల్లో పదిమందిని అడిగి తెలుసుకునే వీలుండేది. మనం రాత్రి పడుకుని తెల్లారి దిగుతాం. అడగడానికి కనిపించే మొదటి మనిషే ఆ ఏజెంటు.

*

మరి గయలో నా చేత 18,000 కట్టించినవాడిది కొత్త విద్యా? అదీ కాదు. పందొమ్మిదో శతాబ్దపు వర్ణనల్లో 'సుఫల్' అనే తంతు కనిపిస్తుంది. పిండప్రదానాలన్నీ అయ్యాక అక్షయవటం దగ్గర యాత్రికుడి చేతులు పూలదండతో కడతారు. గయావళీ దక్షిణకి తృప్తిపడి, నీ యాత్ర సఫలమైంది అని దండ విప్పాలి. ఆ మాట అనేదాకా చేసినదంతా పూర్తికానట్టే. బేరం సరిగ్గా ఆ క్షణంలో మొదలయ్యేది. చచ్చిపోయిన తండ్రి పేరు చెప్పి అడిగితే ఎవడు కాదంటాడు? కాబట్టి బేరమేదైనా సంకల్పానికి ముందే తెగాలి. దానాలతో సహా మొత్తం ఎంతో కాగితం మీద వేయించుకోవాలి. ఇది మా బ్యాంకులో అప్పు తీసుకునేవాళ్ళకి నేను చెప్పేదే. వడ్డీ ఎంతని కాదు, మొత్తం కట్టేదెంతో అడగండి అంటాను.

కానీ అదే గయావళీ వ్యవస్థలో ఇంకో పక్క ఉంది. ఒక ప్రాంతం యాత్రికులు ఒక పండా కుటుంబానికి వంశపారంపర్య హక్కు. అన్నదమ్ములు విడిపోతే పొలం పంచుకున్నట్టు యాత్రికుల ఊళ్ళని పంచుకుంటారు, ఆ హక్కు కోసం కోర్టుకెక్కినవాళ్ళూ ఉన్నారు. ఆ హక్కుకి దస్తావేజు వాళ్ళ బహీ, అంటే యాత్రికుల పేర్ల పుస్తకం. వచ్చినవాడు తన పేరు, ఊరు, తండ్రి తాతల పేర్లు, వెంట వచ్చినవాళ్ళ పేర్లు తన చేత్తో రాసి సంతకం పెడతాడు. తర్వాతి తరంవాడు వచ్చినప్పుడు అది చూపించి, మీరు మావాళ్ళు అంటాడు పండా. వారసత్వం తగాదాల్లో ఇలాంటి బహీలని సాక్ష్యంగా కోర్టులు చూసిన సందర్భాలున్నాయి. వంశవృక్షాలు సేకరించే అమెరికా సంస్థ ఒకటి హరిద్వార్ బహీలని మైక్రోఫిల్మ్ కూడా తీసింది. అంటే ఏ ఊరు, ఏ జిల్లా, ఇంటిపేరు ఏమిటి అన్న ప్రశ్న మోసానికి గుర్తు కాదు. మోసం కాదని తేల్చే ప్రశ్న అది. నా తాత చేతిరాత ఎవరూ అప్పటికప్పుడు పుట్టించలేరు కదా.

ఆటో అతను ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పొద్దన్నాడు.

ఇదంతా అర్థమయ్యాక నాన్న ట్రంకుపెట్టె దింపాను. తాతయ్య కాగితాల్లో, కాశీ నుంచి తెచ్చిన పటాల మధ్య, ఒక కార్డు దొరికింది. నాగరిలో ఒక పండా పేరు, సందు పేరు. వెనక తాతయ్య చేత్తో '1958, గయ, వీరు మనవారు' అని ఉంది. నేను ముసలాయన మీద అరిచిన మెట్లు ఆ సందు మొదట్లోనే ఉన్నాయి.

కార్డు అమ్మకి చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఆయన పుస్తకం తెరవబోయాడురా" అంది. అంతకన్నా ఏమీ అనలేదు.

పోయిన జూన్‌లో మళ్ళీ వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళు సహకరించలేదు, ఒక్కణ్ణే వెళ్ళాను. కావాలనే అన్‌సీజన్‌లో వెళ్ళాను. ఈసారి వెళ్ళేముందే కాశీలో ఒక తెలుగు సత్రంవాళ్ళని అడిగి గయలో దేనికి ఎంతవుతుందో రాసుకున్నాను. ఆటో మాట్లాడుకున్నది స్టేషన్ ముందు కాదు, నాలుగడుగులు నడిచి రోడ్డు మీద. గది రిపేర్లో ఉంది, వేరేచోటికి తీసుకెళ్తా అన్నవాడి ముందే గదివాళ్ళకి ఫోన్ చేశాను. రిపేరు లేదు, ఏమీ లేదు.

ఆ మెట్ల దగ్గర ముసలాయన లేడు. చలికాలంలో పోయారని ఆయన కొడుకు చెప్పాడు. నేను మూడేళ్ళ నాటి సంగతి చెప్పి, క్షమించమన్నాను. ఆయన కొంచెం నవ్వి, "రోజుకి పదిమంది అరుస్తారు సార్. మా పేరు చెప్పుకుని మోసం చేసేవాళ్ళున్నారు, మాలోనూ ఉన్నారు. మీరెలా పోల్చుకుంటారు?" అన్నాడు. ఊరు, జిల్లా, ఇంటిపేరు చెప్పాను. ఎండాకాలం మధ్యాహ్నం, ఇంకెవరూ లేరు, ఆయనకి తొందర లేదు. గంటన్నరపాటు ఒక్కో కట్టా విప్పి వెతికాడు. మహాలయంలో అయితే ఆ గంటన్నర ఎవరిస్తారు? అన్‌సీజన్‌లో నిజంగా చవగ్గా దొరికేది ఇదేననుకున్నాను.

దొరికింది. గొలుసుకట్టు తెలుగులో తాతయ్య చేతిరాత. తన తండ్రి పేరు, తాత పేరు, వెంట వచ్చిన నాయనమ్మ పేరు. ఆ కింద, 'కుమారుడు, వయస్సు 9 సం.' అని నాన్న పేరు. నాన్న గయ వచ్చాడని మాకెవరికీ తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు, బహుశా ఆయనకీ గుర్తుండి ఉండదు.

ఆయన పెన్ను ఇచ్చాడు. నాన్న పోయిన తేదీ రాసి, అమ్మ పేరు, నా పేరు, పిల్లల పేర్లు రాసి సంతకం పెట్టాను. ఎంతివ్వమంటారని అడిగితే మీ ఇష్టం అన్నాడు. ఆ మాట విని నా లోపల బ్యాంకువాడు ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాడు, అబద్ధమెందుకు. 501 ఇచ్చాను. లెక్కపెట్టకుండా పుస్తకం కింద పెట్టుకున్నాడు.

ఆ పేజీ ఫొటో తీసి ఇంటికి పంపాను. సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మ భూతద్దం పెట్టుకుని చదువుతోంది. "మీ నాన్న పేరులో దీర్ఘం పెట్టలేదురా మీ తాత" అంది.